చిన్న ఊళ్ల పాత ఇళ్లను బాగుచేసే టెలివిజన్ కార్యక్రమాలు: ప్రేక్షకులు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు కృష్ణరాజపురం పరిసరాల్లో స్థిరపడిన ఏడెనిమిది తెలుగు కుటుంబాలం మేము. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చినవాళ్లమే ఎక్కువ. వీలైన ఆదివారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో చేరి, అమెరికాలోని చిన్న ఊళ్లలో పాత ఇళ్లను బాగుచేసే కార్యక్రమాలను చూస్తాం. చూస్తున్నంతసేపూ, చూసిన తరువాత కూడా వాదించుకుంటాం. ఆ వాదనల్లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలనూ, వాటికి నాకు తోచిన జవాబులనూ ఇక్కడ రాశాను. అభిప్రాయాలు పలువురివి, తీర్పులు మాత్రం నావి.

ఈ జవాబులు ఏ కార్యక్రమాలను గురించి?

ప్రధానంగా హెచ్‌జీటీవీ అనే అమెరికన్ ఛానల్‌లో వచ్చే రెండింటిని గురించి. మొదటిది 'హోమ్ టౌన్'. ఇది 2016లో ఒక నమూనా భాగంగా వచ్చి, 2017 నుంచి వరుసగా ప్రసారమవుతోంది. ఇందులో బెన్ నేపియర్, ఎరిన్ నేపియర్ అనే దంపతులు మిసిసిపీ రాష్ట్రంలోని లారెల్ అనే తమ ఊళ్లోనే ఉంటూ, అక్కడి పాత ఇళ్లను ఒక్కొక్కటిగా బాగుచేస్తారు. ఎరిన్ ఇంటి రూపాన్ని నీటి రంగులతో గీసి చూపిస్తుంది, బెన్ కలప పని చేస్తాడు. రెండవది 'హోమ్ టౌన్ టేకోవర్'. అందులో ఇదే దంపతులు మరో ఊరికి వెళ్లి, అక్కడి ఇళ్లూ దుకాణాలూ వీధులూ కలిపి ఒక ఊరి మొత్తానికి మరమ్మతు చేయిస్తారు. 2021లో అలబామాలోని వెటంప్కాకు, 2023లో కొలరాడోలోని ఫోర్ట్ మోర్గన్‌కు, 2025లో ఫ్లోరిడాలోని సీబ్రింగ్‌కు ఆ అవకాశం వచ్చింది.

పోలిక అవసరమైన చోట 'ఫిక్సర్ అప్పర్', 'ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్' ప్రస్తావన కూడా వస్తుంది. 'ఫిక్సర్ అప్పర్' కూడా ఒక దంపతులు పాత ఇళ్లను బాగుచేసే కార్యక్రమమే. అది జరిగిన వేకో, టెక్సస్ రాష్ట్రంలో లక్షకు పైగా జనాభా ఉన్న నగరం కనుక చిన్న ఊరి లెక్కలోకి రాదు. అయినా ఒక టెలివిజన్ కార్యక్రమం ఊరి బతుకును ఎంతగా మార్చగలదో తెలుసుకోవడానికి దాన్ని మించిన ఉదాహరణ లేదు.

బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లకు మిసిసిపీలోని పాత ఇళ్లతో పనేమిటి?

ఈ ప్రశ్న మా పిల్లలు అడిగారు. మాలో చాలామందికి ఊళ్లో తాళం వేసిన ఇల్లు ఒకటి ఉంది. హిందూపురంలోనో, మదనపల్లెలోనో, ప్రొద్దుటూరులోనో తాతల నాటి మిద్దె ఇల్లు ఉంటుంది. పండుగకు వెళ్లినప్పుడు తలుపు తీసి, బూజు దులిపి, ఒక పూట కూర్చుని, మళ్లీ తాళం వేసి రాత్రి బస్సు ఎక్కుతాం. అమ్మేద్దామంటే ఒకరికి మనసొప్పదు, బాగుచేద్దామంటే మరొకరి దగ్గర డబ్బు ఉండదు. అన్నదమ్ములు ఒక మాట మీదికి వచ్చేలోపల ఒక గోడ కూలుతుంది. అలాంటి ఇల్లు ఉన్నవాళ్లు, నలభై ఏళ్లు ఎవరూ పట్టించుకోని ఒక చెక్క ఇంటి ముందు నిలబడి "దీని నేల ఇంకా గట్టిగానే ఉంది" అని ఎవరైనా అంటుంటే చూసి ఊరకే ఉండలేరు. మేము చూసేది పరాయి దేశపు ఇంటినే అయినా మాట్లాడుకునేది మా ఇళ్లను గురించే.

లారెల్‌లో అంత మంచి పాత ఇళ్లు ఎలా మిగిలాయి?

దీనికి జవాబు తెలిస్తే కార్యక్రమం మరింత బాగా అర్థమవుతుంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. లారెల్ 1882లో రైలు మార్గం పక్కన కలప కోసం పుట్టిన ఊరు. చుట్టూ పసుపు పైన్ అడవులు. 1890ల నుంచి అయోవా రాష్ట్రం నుంచి వచ్చిన కలప వ్యాపార కుటుంబాలు అక్కడ పెద్ద మిల్లులు పెట్టి, వచ్చిన లాభంతో చెట్లు నీడనిచ్చే విశాలమైన వీధులు వేసి, తమ కోసం గొప్ప ఇళ్లు కట్టుకున్నాయి. అటువంటి కుటుంబాల్లో ఒకదానికి చెందిన యువకుడు 1921లో చిన్న వయసులోనే చనిపోతే, అతని జ్ఞాపకంగా, అతను కట్టుకుంటూ ఉండిన ఇంటి స్థలంలోనే 1923లో లారెన్ రోజర్స్ మ్యూజియం తెరిచారు. మిసిసిపీలో అదే మొదటి కళా మ్యూజియం.

అడవి తరిగిపోయిన తరువాత కూడా ఊరు వెంటనే పడిపోలేదు. విలియం మేసన్ అనే ఆయన 1924లో, మిల్లుల్లో వృథాగా పోయే చెక్క ముక్కలను ఆవిరితో పిప్పి చేసి అట్టలుగా నొక్కే పద్ధతిని ఈ ఊళ్లోనే కనిపెట్టాడు. దాన్నే లోకమంతా మేసొనైట్ అని పిలుస్తోంది. మన బడుల్లో పరీక్ష అట్టలుగా వాడిన గోధుమరంగు పలకలు ఆ జాతివే. అయినా కాలక్రమంలో జనం బయటికి వెళ్లారు, మెయిన్ స్ట్రీట్ దుకాణాలు మూతపడ్డాయి. 2020 జనాభా లెక్కల నాటికి ఊళ్లో ఉన్నది 17 వేల పైచిలుకు మంది. ఊరు వేగంగా పెరిగి ఉంటే ఆ ఇళ్లను పడగొట్టి కొత్తవి కట్టేవారు. డబ్బు ఆగిపోవడం వల్లనే అవి పాతవిగా మిగిలాయి. బెంగళూరులో బసవనగుడి, మల్లేశ్వరం వీధుల్లో ముందు కప్పు మీద చెక్క కొప్పులతో ఉండే పాత బంగళాలు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లుగా మారిపోవడాన్ని కళ్లారా చూస్తున్న మాకు, ఈ విషయం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

కార్యక్రమంలో చూపించే మరమ్మతు ఖర్చు ఎవరిది?

మా దగ్గర అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. 'హోమ్ టౌన్'లో ఇల్లు కొనే డబ్బూ, మరమ్మతుకు కేటాయించిన డబ్బూ ఇంటివాళ్లవే. ఇంటి ధర ఇంత, పనికి ఇంత అని తెర మీద చెప్పేది వాళ్ల బడ్జెట్‌నే. ఛానల్ వాళ్లు ఇల్లు కట్టి ఇస్తారనుకోవడం పొరపాటు. ఉచితంగా ఇళ్లు కట్టిన పద్ధతి 'ఎక్స్‌ట్రీమ్ మేకోవర్'ది, దాని కథ వేరు, కింద చెబుతాను.

ఈ లెక్కల విషయంలో ప్రేక్షకుల అసంతృప్తి మాత్రం న్యాయమైనదే. మాలో ఒకాయన ప్రజాపనుల శాఖలో ఇంజినీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. ఆయన ప్రతి వారం కాగితం మీద అంచనా వేస్తారు: కప్పుకు ఇంత, విద్యుత్ తీగలకు ఇంత, నీళ్ల గొట్టాలకు ఇంత. తెర మీద మొత్తం మాత్రమే చెప్పి, పద్దులు చూపించకపోవడం ఆయనకు ఎప్పుడూ బాధే. "కొళాయి రంగు ఎంచుకోవడానికి మూడు నిమిషాలు ఇచ్చారు, పునాది సరిచేయడానికి ముప్పై సెకన్లు" అని ఆయన ఒకసారి అన్న మాటతో మేమంతా ఏకీభవించాం. పని నెలల తరబడి సాగుతుంది, మనకు చూపించేది ముప్పావు గంట. ఆ కుదింపులో మొదట పోయేవి కప్పు, పునాది, తీగలు, గొట్టాలు. ఇంటిని నిలబెట్టేవి అవే.

చివర్లో కనిపించే సామాన్లన్నీ ఇంటివాళ్లకే మిగులుతాయా?

సాధారణంగా మిగలవు. 'ఫిక్సర్ అప్పర్'లో తలుపు తెరిచినప్పుడు కనిపించిన సోఫాలూ దీపాలూ బొమ్మలూ అలంకరణ కోసం తెచ్చినవే. కావాలనుకున్నవాళ్లు విడిగా డబ్బు చెల్లించి ఉంచుకోవాలి.

ఇళ్లు చూపించి ఎంచుకోమనడం నిజమేనా?

చాలాసార్లు అది నటనే. ఇదే ఛానల్‌లో వచ్చే 'హౌస్ హంటర్స్'లో పాల్గొన్న ఒకరు, చిత్రీకరణకు ముందే తమ ఇల్లు కొనడం అయిపోయిందని 2012లో బయటపెట్టారు. 'ఫిక్సర్ అప్పర్'కు కూడా ఇల్లు ముందే ఖాయం చేసుకున్నవాళ్లనే తీసుకునేవారని అందులో పాల్గొన్నవాళ్లు తరువాత చెప్పారు.

ఇది మోసమా అన్న దగ్గర మాలో రెండు పక్షాలున్నాయి. పెళ్లిచూపుల తంతు లాంటిదే ఇదీ, ముందే మాట అయిపోయినా అందరి ముందూ ఒకసారి జరుగుతుంది, అందులో తప్పేముందని ఒక పక్షం అంటుంది. నాకు ఆ తంతు మీద అభ్యంతరం లేదు. కానీ ఇల్లు వెతకడమంటే అరగంటలో మూడు చూసి ఒకటి ఎంచుకోవడమే అన్న అపోహ మాత్రం ఇల్లు కొనబోయే యువ దంపతులకు నష్టం చేస్తుంది. పత్రాలు చూడటం, హద్దులు కొలవడం, రుణం కోసం బ్యాంకు చుట్టూ తిరగడం, ఇవి లేని ఇంటి కొనుగోలు ఏ దేశంలోనూ లేదు.

ఊరి మొత్తాన్నీ మార్చిన కార్యక్రమం మీద ప్రేక్షకుల మాట ఏమిటి?

'హోమ్ టౌన్ టేకోవర్' మొదట వెళ్లిన వెటంప్కా కూసా నది ఒడ్డున, సుమారు ఏడు వేల జనాభా ఉన్న ఊరు. 2019 జనవరి 19న అక్కడ టోర్నడో విరుచుకుపడి ఊరి నడిబొడ్డును దెబ్బతీసింది. నలభై వేలలోపు జనాభా ఉన్న ఊళ్లు దరఖాస్తు చేసుకోవచ్చని ఛానల్ ప్రకటించగా, రెండు వేల ఆరు వందలకు పైగా ఊళ్లు తమ వీడియోలు పంపాయి. వాటిలోంచి వెటంప్కాను ఎంచుకుని, ఇళ్లు, దుకాణాలు, బహిరంగ స్థలాలు కలిపి పన్నెండు పనులు చేశారు.

మాలో స్త్రీలలో ఎక్కువమందికి నచ్చినది ఈ కార్యక్రమమే. ఒక్క ఇల్లు బాగుపడి చుట్టూ వీధి పాడుబడి ఉంటే ఆ ఇంట్లో ఎవరు ఉంటారన్నది వాళ్ల వాదన. మెయిన్ రోడ్డు మీది దుకాణాలకు రంగులు వేసి, నాలుగు అరుగులు కట్టి, సాయంత్రం జనం కూర్చునే చోటు ఒకటి ఏర్పరిస్తే ఊళ్లో మిగిలినవాళ్లకు ధైర్యం వస్తుంది. మా ఊరి సంత వీధిలో ఒక హోటలు తిరిగి తెరుచుకున్నందుకే పక్కన రెండు దుకాణాలు తెరుచుకున్నాయని ఒకామె గుర్తుచేసింది.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. దరఖాస్తు చేసిన మిగిలిన రెండున్నర వేలకు పైగా ఊళ్ల మాటేమిటి? ఒక ఊరికి కాలువ కావాలన్నా వీధి దీపం కావాలన్నా పోటీలో గెలవాలా? పురపాలక సంఘం, రాష్ట్ర ప్రభుత్వం చేయవలసిన పనిని టెలివిజన్ చేసి పెడుతుంటే, చప్పట్లు కొట్టే ముందు ఒక్క క్షణం ఆగి ఈ ప్రశ్న వేసుకోవాలి. పైగా వెటంప్కాలో కెమెరాలు కొన్ని నెలలు ఉండి వెళ్లిపోయాయి. లారెల్‌లో ఇల్లు బాగుచేసినవాళ్లు అదే వీధుల్లో ఉంటారు. తాము వేసిన కప్పు కారితే, మరునాడు అంగడిలో ఎదురుపడే మనిషికి జవాబు చెప్పుకోవాలి. ఈ రెండు కార్యక్రమాలకూ నేను చూసే తేడా అదే, నా మొగ్గు మొదటిదాని వైపే.

ఉచితంగా కట్టి ఇచ్చిన ఇళ్లు తరువాత ఏమయ్యాయి?

'ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్' 2003 చివరలో మొదలై 2012 వరకు ఏబీసీ ఛానల్‌లో నడిచింది. కష్టాల్లో ఉన్న కుటుంబాన్ని ఎక్కడికో విహారానికి పంపించి, ఏడు రోజుల్లో కొత్త ఇల్లు కట్టేవారు. వందల మంది ఊరివాళ్లు వచ్చి పనిచేసేవారు. చివర్లో అడ్డంగా నిలిపిన బస్సును పక్కకు తీయగానే కుటుంబం ఏడుస్తుంది, చూసేవాళ్లమూ ఏడుస్తాం. ఆ కన్నీళ్లను నేను తక్కువ చేయను.

కానీ ఇల్లు పెద్దదైతే దాని పన్నూ కరెంటు బిల్లూ పెరుగుతాయి. చిన్న ఆదాయం మీద బతికే కుటుంబానికి అంతకుముందు ఉన్న ఇంటికి రెండు మూడింతల ఇల్లు ఇస్తే, దాన్ని నడపడమే భారమవుతుంది. కొన్ని కుటుంబాలు ఖర్చులు తట్టుకోలేక ఇళ్లను అమ్మకానికి పెట్టాయి. జార్జియా రాష్ట్రంలో అలా కట్టిన ఒక ఇంటిని తాకట్టు పెట్టి నాలుగున్నర లక్షల డాలర్ల అప్పు తీసుకోగా, తీర్చలేని స్థితి వచ్చి 2008లో బ్యాంకు వేలానికి పెట్టేదాకా వెళ్లింది. ఆ కుటుంబాన్ని నిందించినవాళ్లు మాలోనూ ఉన్నారు. నేను నిందించలేను. వాళ్లకు కావలసింది ఆరోగ్యకరమైన గోడలూ కారని కప్పూ అయితే, ఇచ్చింది భవంతి.

ఊరికి పేరు వస్తే అక్కడివాళ్లకు మేలు జరుగుతుందా?

కొందరికి తప్పక జరుగుతుంది. లారెల్ మెయిన్ స్ట్రీట్‌లో దుకాణాలు తెరుచుకున్నాయి, చూడటానికి జనం వస్తున్నారు, తిండిపెట్టే హోటళ్లకు గిరాకీ ఉంది. వేకోలో 'ఫిక్సర్ అప్పర్' దంపతులు పాడుబడిన పత్తి నూనె మిల్లు గోదాములను కొని 2015లో అంగడిగా తెరిచాక, ఆ ఊరు యాత్రాస్థలంగానే మారిపోయింది.

అయితే వేకోలోనే రెండో వైపు కూడా కనిపించింది. బాగుచేసిన ఇళ్ల అంచనా విలువ పెరిగి ఆస్తి పన్ను పెరిగింది. కార్యక్రమంలో చూపించిన ఇళ్లలో కొన్నింటిని యజమానులు యాత్రికులకు రోజువారీ అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇల్లు సొంతంగా ఉన్నవాళ్లకు ధర పెరగడం లాభంగానే కనిపిస్తుంది. అద్దెకు ఉంటూ అదే ఊళ్లో పనిచేసుకునేవాళ్లకు అదే నష్టం. వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఇరవై ఏళ్లలో అద్దెలు ఎలా పెరిగాయో అనుభవించినవాళ్లం కనుక, ఈ విషయంలో మా మధ్య పెద్దగా వాదన జరగలేదు.

కార్యక్రమంలో చూపించేది ఊరందరి ఇళ్లేనా?

ఈ ప్రశ్న మా ఇంట్లో డిగ్రీ చదువుతున్న అమ్మాయి అడిగింది, నేను ఊహించలేదు. లారెల్ జనాభాలో నల్లజాతివారే ఎక్కువ. మిల్లు యజమానుల వీధుల్లోని పెద్ద ఇళ్లు ఎవరి కోసం కట్టారో, మిల్లుల్లో ఎవరు పనిచేశారో ఆలోచిస్తే ఊరి చరిత్ర రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ప్రపంచ ప్రసిద్ధ ఒపెరా గాయని లియొంటీన్ ప్రైస్ 1927లో ఈ ఊళ్లోనే పుట్టింది. ఆమె తండ్రి కలప మిల్లు కార్మికుడు, తల్లి మంత్రసాని. ఆమె బంధువు ఒకామె పనిచేసే ధనిక కుటుంబమే ఆమె సంగీత చదువుకు సాయం చేసింది. 1961లో ఆమె న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో అడుగుపెట్టింది.

కార్యక్రమంలో అన్ని రకాల కుటుంబాలూ కనిపిస్తాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. అయితే ఇంటి చరిత్ర చెప్పేటప్పుడు కట్టించినవాళ్ల పేరు వచ్చినంత తరచుగా, ఆ ఇంట్లో వంట చేసినవాళ్ల పేరో, దూలాలు మోసినవాళ్ల పేరో రాదు. మన పెద్దిళ్ల కథలు చెప్పుకునేటప్పుడు మనమూ అదే చేస్తాం. ఏ కులం వాళ్లు ఏ గుమ్మం దాకా రాగలిగేవారో ఆ ఇంటి కట్టడంలోనే రాసి ఉంటుంది. పాత ఇంటిని ప్రేమించడమంటే ఆ సంగతిని దాచిపెట్టడం కాదని ఆ అమ్మాయి అన్నది, ఆమె మాట సరైనదే.

బాగుచేసిన ఇళ్లన్నీ ఒకేలా ఎందుకు ఉంటాయి?

తెల్ల గోడలు, అడ్డంగా వేసిన చెక్క పలకలు, వంటగదికీ హాలుకూ మధ్య గోడ తీసివేయడం, నడుమ ఒక పెద్ద రాతి బల్ల. కొన్ని వారాలు వరుసగా చూస్తే ఈ ఫిర్యాదు ఎవరికైనా వస్తుంది. 'ఫిక్సర్ అప్పర్' ప్రభావం తరువాత ఈ రూపం అమెరికా అంతటా పాకింది. ఈ విషయంలో ఎరిన్ నేపియర్ కొంత మేలు. ఆమె గాఢమైన రంగులు వాడటానికి వెనుకాడదు, ఇంటివాళ్ల వస్తువులకూ పాత నేలకూ చోటిస్తుంది.

గోడ తీసేయడం మీద మా ఆడవాళ్ల అభిప్రాయం మాత్రం ఏకగ్రీవం. రోజూ పోపు పెట్టే వంటింటికి గోడ ఉండాలి. ఎండుమిరపకాయల ఘాటు సోఫా దాకా వచ్చే ఇంటిని ఎవరూ అందమైనదనరు. ఇంటీరియర్ పనిలో ఉన్న మా కుర్రవాడు ఒకడు, బెంగళూరులో కొత్త ఫ్లాట్లు కొన్నవాళ్లు ఈ కార్యక్రమాల ఫోటోలు చూపించి వంటింటి గోడ తీయమంటారనీ, ఏడాది తిరిగేలోపు గాజు తలుపు పెట్టమని మళ్లీ పిలుస్తారనీ చెప్పాడు.

సుత్తి పెట్టి గోడలు పగలగొట్టే దృశ్యాలను చూసి అలా చేయవచ్చా?

చేయకూడదు. ఏ గోడ బరువు మోస్తోందో తెలియకుండా సుత్తి ఎత్తడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. దానికి తోడు కంటికి కనిపించని ప్రమాదం ఇంకొకటి ఉంది. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇంట్లో పాత రంగు గీకితే వచ్చే దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఆ దుమ్ము విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు తెర మీద సరిగా కనిపించలేదన్న కారణంగా అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ 'ఫిక్సర్ అప్పర్' పనులు చేసిన సంస్థ మీద చర్య తీసుకోగా, 2018లో ఆ సంస్థ 40,000 డాలర్ల జరిమానా కట్టడానికీ, వేకోలో సీసం ప్రమాదం ఉన్న ఇళ్లను సరిచేయడానికి 1,60,000 డాలర్లు ఖర్చు పెట్టడానికీ ఒప్పుకుంది.

మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలకు 90 భాగాలు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులో ఉంది. అంటే అంతకుముందు వేసిన ఆయిల్ పెయింటు ఉన్న తలుపులనూ కిటికీ చువ్వలనూ గీకేటప్పుడు పిల్లలనూ గర్భిణులనూ దూరంగా ఉంచాలి, తడిపి గీకాలి, దుమ్మును చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి. ఈ ఒక్క పేరాను మాత్రం దయచేసి పనివాళ్లకు కూడా చదివి వినిపించండి. ఆ దుమ్మును అందరికంటే ఎక్కువ పీల్చేది వాళ్లే.

అక్కడి పద్ధతులు మన పాత ఇళ్లకు పనికొస్తాయా?

ఆ ఓపిక పనికొస్తుంది, పద్ధతులు చాలావరకు పనికిరావు. లారెల్ ఇళ్లు చెక్కతో కట్టినవి. మన సీమ మిద్దె ఇంటికి రాయీ మట్టీ కలిసిన మందపాటి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలనే అడ్డకర్రలు, పైన పరిచిన చౌడు మట్టి. మధ్యలో వెలుతురు కోసం గవాక్షి. ఆ ఇంటి గోడ నీటిని పీల్చుకుంటుంది, ఎండలో వదిలేస్తుంది. అలా ఊపిరి తీసుకోనిస్తేనే అది నిలుస్తుంది.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న విషయం. హిందూపురం దగ్గర మా జేజి ఉండిన ఇంటిని, ఇలాంటి కార్యక్రమాలు చూసిన ఉత్సాహంతోనే, పదేళ్ల కిందట బాగుచేయించాను. కాంట్రాక్టరు మట్టి గోడలకు సిమెంటు పూత పూసి, మిద్దె మీద చౌడు తీయకుండానే కాంక్రీటు పోయించాడు. గృహప్రవేశం లాగా అందరినీ పిలిచి భోజనాలు పెట్టాం, ఇల్లు మెరిసిపోయింది. రెండు వానాకాలాలు గడిచేసరికి పూత ఉబ్బి పెచ్చులుగా రాలింది. లోపల చిక్కుకున్న తేమ బయటికి పోయే దారి లేక పడమటి గది దూలం మెత్తబడింది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత నా ఇంటి గోడ మీదే చూశాను. ఊళ్లో ముసలి మేస్త్రీ ఒకాయన వచ్చి, గోడను వేలితో తట్టి, "దీనికి సున్నం పూయవలసింది నాయనా" అన్నాడు. గానుగ సున్నంలో కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి పూసే ఆ పని తెలిసినవాళ్లు ఇంకా అక్కడక్కడ ఉన్నారు, వెతికితే దొరుకుతారు. టెలివిజన్‌లో చివరి ఐదు నిమిషాల మెరుపును చూసి మురిసిపోయిన నేను, ఆ ఇల్లు రెండు వానలు చూసిన తరువాత ఎలా ఉందో ఏ కార్యక్రమమూ చూపించదని అప్పటికి గాని గమనించలేదు.

వాస్తు సంగతి?

మాలో నమ్మేవాళ్లూ ఉన్నారు, నమ్మనివాళ్లూ ఉన్నారు. వాస్తు కోసం బరువు మోసే గోడలో కొత్త గుమ్మం పెట్టించే ముందు ఇంజినీరును అడగాలన్నది మాత్రం అందరి మాట.

తెలుగులో ఇలాంటి కార్యక్రమం వస్తే ఎలా ఉండాలని ప్రేక్షకులు కోరుకుంటున్నారు?

ఎవరికి తోచింది వారు చెప్పారు. తెనాలి వైపు నుంచి వచ్చిన కుటుంబం మండువా లోగిళ్లు చూపించాలంది. మదనపల్లె ఆయన, ఇంటి మరమ్మతుకు ముందు అన్నదమ్ముల వాటాల సర్దుబాటును చూపించాలన్నారు. మన ఊళ్లలో పాత ఇళ్లు పాడుబడటానికి చెదలకంటే పెద్ద కారణం అదేనని ఆయన అనుభవం. ఇంజినీరు గారు పద్దుల పట్టిక కావాలన్నారు. నాకైతే రెండు కోరికలున్నాయి. మేస్త్రీల, వడ్రంగుల పేర్లు తెర మీద వేయాలి. బాగుచేసిన ప్రతి ఇంటికీ మూడేళ్ల తరువాత, నడివానలో, ముందుగా చెప్పకుండా ఒకసారి వెళ్లాలి.

ఊళ్లో మూసిపెట్టిన ఇల్లు ఉంది, ఇవి చూసి ఉత్సాహం వచ్చింది. ముందు ఏ పని చేయాలి?

వాన కురుస్తున్నప్పుడు వెళ్లి ఒక రాత్రి ఆ ఇంట్లో ఉండండి. ఎక్కడెక్కడ కారుతోందో, వాన నీళ్లు గోడ మొదట్లో నిలుస్తున్నాయో బయటికి పోతున్నాయో అప్పుడే తెలుస్తుంది. తరువాత దూలాలు గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. సులువుగా దిగితే అది చెదలు తిన్నదో, కుళ్లినదో అయి ఉంటుంది. కప్పు, నీటి దారి, దూలాలు, ఈ మూడూ బాగయ్యేదాకా రంగుల పట్టిక తెరవకండి. డబ్బు తక్కువైతే ఏడాదికి ఒక గది చొప్పున చేయించండి. లారెల్ దంపతుల్లాగా ఊళ్లోనే ఉండి చేయించలేకపోయినా, తాళం చెవి ఊళ్లో ఉండే బంధువు చేతికి ఇచ్చి, నెలకొకసారి కిటికీలు తెరిపించగలం.

మా పడమటి గదికి దూలం మార్చడమైంది. సిమెంటు పూత మూడు గోడలకు రాలగొట్టించి సున్నం పూయించాం, నాలుగోది మిగిలింది. పోసిన కాంక్రీటును తీయించి, ఈ వేసవిలో రెండు బండ్ల కొత్త చౌడు తోలించి తొలకరికి ముందే పరిపించాం. గవాక్షి మూత పగిలిపోయి ఉంది, దానికి సరిపడే బండ ఇంకా దొరకలేదు, ప్రస్తుతానికి రేకు ముక్క మీద రెండు రాళ్లు పెట్టి వచ్చాం.